ఊడ్పుల్లో మానేసిన చుట్ట

మణెమ్మ చుట్ట మానేసిందంటే పేటలో మొదట ఒక్కరూ నమ్మలేదు. అందులో వాళ్ళ తప్పేం లేదు. చుట్ట లేని మణెమ్మని వాళ్ళు చూసి ఎరగరు. కంకిపాడు దాటాక బందరు కాలవ పక్కనున్న ఆ పేటలో నడివయసుకొచ్చిన ఆడవాళ్ళు దాదాపు అంతా చుట్ట తాగేవాళ్ళే. అదీ మామూలుగా కాదు, అడ్డపొగ. అంటే నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి పీల్చడం. చూడనివాళ్ళు వింటే హడలిపోతారు గానీ, తాగేవాళ్ళని అడిగితే అందులో ఉన్న సుఖాలన్నీ చెప్తారు. గాలికి ఆరదు, వానకి తడవదు, చంకలో పిల్ల మీద నిప్పురవ్వ రాలదు, ఒక్క చుట్ట ఒక పూటంతా వస్తుంది. పైగా మగవాళ్ళ ముందు నిప్పు కనబడదు కాబట్టి మర్యాద కూడానట. ఇన్ని లాభాలున్న అలవాటుని ఎవరు మాత్రం ఎందుకు మానుకుంటారు?

డెబ్భై మూడులోనో నాలుగులోనో, ఎండాకాలంలో మణెమ్మకి పన్ను నొప్పి వచ్చింది. లవంగాలకి తగ్గలేదు, ఉప్పునీళ్ళకి తగ్గలేదు, చర్చి ఫాదరు గారిచ్చిన మాత్రకీ తగ్గలేదు. చివరికి కొడుకు ఆమోసు ఆమెని బెజవాడ బస్సెక్కించి పటమటలో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ నోరు తెరవమని టార్చి లైటు వేసి చూసింది. చూసి పన్ను సంగతే మర్చిపోయింది.

"అడ్డపొగ తాగుతావా?"

"అందరవూ తాగుతామండీ."

"అందరి సంగతి నాకెందుకు? ఎన్నేళ్ళ నుంచి?"

"ఇరవయ్యో, ఇరవై రెండో. ఎవరు లెక్కెట్టారండీ?"

డాక్టరమ్మ చిన్న అద్దం ఒకటి నోట్లో పెట్టి, ఇంకో అద్దం చేతికిచ్చి, పై అంగిలి చూపించింది. మణెమ్మ తన నోటిని అలా లోపలినుంచి ఎప్పుడూ చూసుకోలేదు. అంగిలంతా పొయ్యిలో బూడిదలా తెల్లగా ఉంది. ఆ తెలుపులో ఎర్రటి చుక్కలు.

"ఇలా ఉన్నంతవరకు భయం లేదు. మానేస్తే పోతుంది. మానకుండా ఉండి, ఇందులో పుండు లేచిందనుకో, నేను చేసేదేం ఉండదు. పెద్దాసుపత్రికి చీటీ రాసివ్వడమే. ఇవాళ్టినుంచి నిప్పు నోట్లో పెట్టుకోకు. అర్థమైందా?"

మణెమ్మకి అర్థమైంది. అర్థం కావడానికి డాక్టరమ్మ అంత చెప్పక్కర్లేదు కూడా. ఆమె అత్త, మొగుడు జక్కయ్య తల్లి, నోటి పుండుతోనే పోయింది. ఆఖరి రెండు నెలలూ దూదితో గంజి చుక్కలు నోట్లో పిండింది మణెమ్మే. ముసలామె ఆకలి ఆకలి అని కళ్ళతోనే అడిగేది, నోరు మాత్రం తెరుచుకునేది కాదు. బస్సులో తిరిగొస్తూ మణెమ్మ కాలవ నీళ్ళవైపు చూస్తూ కూర్చుంది. అంతా అయ్యాక డాక్టరమ్మ పీకిన పంటి చోట రక్తం కారుతున్నా పట్టించుకోలేదు.

ఆ రోజునుంచి మణెమ్మ డాక్టరమ్మ మాట అక్షరాలా పాటించింది. నిప్పు నోట్లో పెట్టుకోలేదు. చుట్టని తిరగేసింది.

అవును మరి. నిప్పు నోట్లో వద్దంది డాక్టరమ్మ, అంతే కదా. నిప్పు బయటికి పెట్టి, మగవాళ్ళలాగా తాగడం మొదలుపెట్టింది. అలవాటు లేక మొదటి నాలుగు రోజులూ రవ్వలు పడి చీరకి రెండు చోట్ల చిల్లులు పడ్డాయి, పెదవి చురుక్కుమంది, చుట్ట గంటలో అయిపోయింది. అయినా పంటి బిగువున తాగింది. మానడం కోసం అంత కష్టపడి తాగినవాళ్ళు లోకంలో ఇంకొకరు ఉండరు. పేటలో మగవాళ్ళు ఆమెకి ఎదురొస్తే మొహం తిప్పుకునేవాళ్ళు. ఇంట్లో జక్కయ్యకి తల కొట్టేసినట్టయింది.

"పదిమందిలో మొగోళ్ళా చుట్ట పట్టుకుంటావేంటే? పరువు తీత్తన్నావు."

"నీ పరువుకి నా నోరు కాల్చుకోమంటావా? డాక్టరమ్మ చెప్పింది" అంది మణెమ్మ, పొగ దర్జాగా పైకి వదులుతూ.

నెల తర్వాత పటమట వెళ్ళి, మానేశానండీ అని గొప్పగా చెప్పుకుంది. డాక్టరమ్మ నోరు చూసింది. బూడిద అలాగే ఉంది. ఒక మాట అడిగింది, ఇంకో మాట అడిగింది, అసలు సంగతి బయటపడింది. డాక్టరమ్మ ముందు నవ్వింది, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది, ఆ తర్వాత నిజంగానే కోప్పడింది.

"తిరగేసినా బోర్లేసినా అది చుట్టేనమ్మా. నీకు నోరు కావాలో చుట్ట కావాలో తేల్చుకో."

మణెమ్మ మొహం మాడిపోయింది. నెల రోజులు పేటలో అందరిచేతా నవ్వించుకుని తను సాధించింది ఇదా అనుకుంది. ఆ సిగ్గుతో పుట్టిన పట్టుదలో, అత్త కళ్ళు గుర్తొచ్చిన భయమో, ఇంటికొచ్చి చూరులో దోపిన పొగాకు కట్ట తీసి జక్కయ్య ముందు పడేసింది. "ఇదంతా నువ్వే తాగు. నా కళ్ళముందు తాగావంటే మాత్రం కాళ్ళిరగ్గొడతా" అంది. పాపం జక్కయ్య మెత్తటి మనిషి. పెళ్ళానికి తోడుగా తనూ మానేస్తానన్నాడు. ఒకటిన్నర రోజు మానేశాడు కూడా. ఆ తర్వాత పశువుల కొట్టం వెనక్కి వెళ్ళి తాగి, నోరు పుక్కిలించుకుని వచ్చేవాడు.

మొదటి వారం ఎలా గడిచిందో మణెమ్మకే తెలియాలి. వేయించిన చింతగింజలు బుగ్గన పెట్టుకుంది. వక్కలు నమిలింది. పొద్దున్నే లేచేసరికి చెయ్యి దానంతటదే చూరు వైపు వెళ్ళేది. ఊరికే కోపం వచ్చేది. అన్నం మెత్తబడిందని కుండ తీసుకెళ్ళి వాకిట్లో పెట్టింది. వండింది తనే అన్న సంగతి గుర్తుకు రాలేదు. ఈస్టరు పోయాక కాపురానికి వచ్చిన కొత్త కోడలు అమలమ్మ బెదిరిపోయి మూల నక్కేది. ఆ పిల్ల భయం చూసి మణెమ్మకి జాలేసేది, జాలేసినందుకు మళ్ళీ కోపమొచ్చేది. రెండో వారానికి కాస్త నెమ్మదించింది. ఇంట్లో పని చేసుకుంటూ ఒక పూటంతా చుట్ట తలుచుకోకుండా గడిపిన రోజు కూడా వచ్చింది. గట్టెక్కానని అనుకుంది.

అప్పుడే కాలవలకి నీళ్ళొచ్చాయి, ఊడ్పులు మొదలయ్యాయి.

ఊడ్పులంటే పేటలో ఆడవాళ్ళకి ఏడాది తిండి. ఆ నెలా నెలన్నరా ఎవరూ ఇంట్లో ఉండరు. మణెమ్మ ముఠాలో పద్నాలుగు మంది. వాళ్ళు ఏటా తిరుపతిరావు గారి చేలోనే మొదట దిగుతారు. పదెకరాల ఆసామీ, చేలు నాటించేటప్పుడు గట్టు మీద గొడుగేసుకుని, సిజర్సు సిగరెట్ల పెట్టె జేబులో పెట్టుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చుంటాడు. తిట్టడు, కొలతల్లో మోసం చెయ్యడు. చేలో మాత్రం ఆయన తండ్రి నాటి కట్టుబాటు ఒకటుంది. నాటేరోజున చేలోకి నిప్పు దిగకూడదు, నాటిన మళ్ళో ఎవరూ ఉమ్మకూడదు. పొగ తాగాలంటే గట్టెక్కాల్సిందే. అందుకని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం బువ్వలయ్యాక ఒకసారి, తిరుపతిరావు గారే కేకేసేవాడు.

"పొగోళ్ళు రండే!"

పొగోళ్ళంటే చుట్ట తాగేవాళ్ళు. ఈ ఏడు మణెమ్మని తీసేస్తే వాళ్ళు తొమ్మిదిమంది. చేతులు కడుక్కుని గట్టెక్కేవాళ్ళు. తాటాకు గొడుగుల కింద కూర్చుని, చుట్ట ముట్టించి, నిప్పు లోపలికి తిప్పి, నడుములు వాల్చేవాళ్ళు. ఆయన వాళ్ళనెప్పుడూ తొందరపెట్టలేదు. పొగ తాగే ప్రాణం సంగతి ఆయనకి బాగా తెలుసు. "దాన్ని మధ్యలో ఆపకూడదు, పాపం" అనేవాడు మనస్ఫూర్తిగా. మిగతా అయిదుగురూ చేలోనే ఉండేవాళ్ళు. వాళ్ళకి పొగ లేదు కాబట్టి గట్టెక్కే పని కూడా లేదు. నడుం నొప్పి సంగతి ఆయనకి తెలియదు. పొగ ఒక్కటే తెలుసు. చెడ్డవాడు కాదు, వంగి నాటినవాడు కాదు, అంతే.

ఇరవై ఏళ్ళపైగా మణెమ్మ గట్టు మీదినుంచే చేనుని చూసింది. ఈసారి కేక వినబడగానే అలవాటుగా నడుం ఎత్తి, చేతిలో నారు కట్ట పక్కనే పెట్టి, రెండడుగులు వేసింది. తర్వాత ఆగిపోయింది.

"నువ్వు మానేశావంటగా?" అన్నాడు తిరుపతిరావు. మెచ్చుకోలుగానే అన్నాడు. "మంచి పని చేశావు. కానీ నాటు. నీ మునుం వరస వెనకబడింది."

మణెమ్మ మళ్ళీ వంగింది. ఆమె పక్కన సుబ్బరత్నం నాటుతోంది. సుబ్బరత్నానికి ఆయాసం. పొగ వాసన తగిల్తే ఊపిరాడదు. పదిహేనేళ్ళుగా ఆమె ఒక్క రోజు కూడా పొద్దుటిపూట గట్టెక్కి ఎరగదు. ఆయాసం మనిషి కూర్చోలేదు, ఆయాసం లేనివాళ్ళం కూర్చున్నాం. ఈ సంగతి మణెమ్మకి ఆ రోజే తట్టింది. ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అన్నారా? తను ఇన్నాళ్ళూ కాకినే కదా అనుకుంది. అలా అనుకోవడం ఆమెకేం బాగా లేదు.

మూడు రోజులకే నడుం మాట వినడం మానేసింది. ఇంటిదగ్గర సులువైపోయిందనుకున్న చుట్ట చేలో పగబట్టినట్టు వెంటపడింది. గట్టు మీదినుంచి పొగ వాసన వచ్చినప్పుడల్లా నోట్లో నీళ్ళూరేవి. నాలుక అంగిలిని తడుముకునేది. వంగి ఉన్న నడుం కూడా ఆ వాసనకే నిట్టూర్చేది. ఆమెకి ఆప్తురాలూ, వరసకి వదినా అయిన శౌరమ్మ గట్టు మీదినుంచి పిలిచేది.

"ఒక్క దమ్ము లాగి పోవే. ఒక్కదానికేం నోరు ఊడిపోద్దా? కాసేపు కూకున్నట్టన్నా ఉంటది."

ఆ రెండో మాట మహా చెడ్డ మాట. మొదటిదాన్ని మణెమ్మ కాదనగలదు. చుట్ట వద్దనగలదు, నోరు వద్దంటుంది కాబట్టి. కూర్చోవడాన్ని వద్దనడం ఎలా? రాత్రిళ్ళు బోర్లా పడుకుంటే కోడలు నడుం తొక్కేది. ఆ పిల్ల కూడా పగలంతా చేలో వంగినదే. తొక్కుతూ తొక్కుతూ ఒక్కోసారి నిలబడే తూలేది. "పోయి పడుకోవే" అనేది మణెమ్మ. అంతకు మించి ఆలోచించే ఓపిక ఆమెకీ లేదు.

చుట్ట మానేసి పంతొమ్మిదో రోజు. పొద్దున్నించి ముసురు. నీళ్ళు చల్లగా ఉన్నాయి, కాళ్ళు మొద్దుబారాయి. తిరుపతిరావు గారు "పొగోళ్ళు రండే" అని కేకేశాడు. మణెమ్మ తలెత్తలేదు. తలెత్తితే గట్టు కనబడుతుంది. రెండు వరసలు నాటాక ఎడమ పక్క ఖాళీగా అనిపించింది. అమలమ్మ లేదు. చాటుకి పోయి ఉంటుందిలే అనుకుంది. ఇంకో వరస నాటింది. అప్పుడు గట్టు మీదినుంచి దగ్గూ, దాని వెనకే ఆడవాళ్ళ నవ్వులూ వినబడ్డాయి.

తలెత్తి చూసింది. అమలమ్మ శౌరమ్మ పక్కన కూర్చుని ఉంది. నోట్లో చుట్ట. నిప్పు లోపలికి పెట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతుంటే, దగ్గుతో ఎగిరిపడుతూ, అయినా పెదాలు విప్పడం లేదు. "నాలిక కిందకి అదుమే, నిప్పు తగలదు" అని శౌరమ్మ నేర్పుతోంది. మిగతావాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

మణెమ్మ నాటిన మడిని తొక్కుకుంటూ గట్టెక్కింది. అడ్డమొచ్చిన నారు కట్టని కాలితో తన్నింది. కోడలి నోట్లోంచి చుట్ట లాగేసింది. నిప్పు చేతికి తగిలి వేళ్ళు చుర్రుమన్నాయి.

"నీకేం పోయేకాలమే! నా నోరు చూశావుగా? చూసి కూడా?"

అమలమ్మ పెదవి మీద పొక్కు లేచింది.  ఏడవలేదు ఆ పిల్ల, ఏడ్చే ఓపిక లేక.

"కూకోడానికి అత్తా" అంది. "నడుం పడిపోతంది. పొగ తాగేవాళ్ళకేగా కూకోనిచ్చేది." తలొంచుకుంది. "మూడో నెల. ఎట్టా చెప్పాలో తెలవలేదు."

 డాక్టరమ్మ అడిగితే ఎవరు లెక్కెట్టారని బుకాయించింది గానీ, మణెమ్మకి లెక్క బాగా తెలుసు. తనూ ఇలాగే ఊడ్పుల్లో, ఆమోసు కడుపులో ఉండగా, కళ్ళు తిరిగి నీళ్ళలో పడబోతే అత్త చెయ్యి పట్టుకుని గట్టెక్కించింది. ఊరికే కూర్చుంటే ఊరుకోరని చెప్పి, తన చుట్ట తీసి కోడలి నోట్లో పెట్టింది. ఎంత ప్రేమగా పెట్టిందో! నాలిక కిందకి అదుమే అని ఆమె కూడా అంది. ఆ అత్త నోటినే తర్వాత పుండు తినేసింది. ఇన్నేళ్ళూ చుట్ట తనకి ఇష్టమనుకుంది మణెమ్మ. ఇష్టం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది నడుం నొప్పి.

చుట్ట ఇంకా ఆమె చేతిలోనే ఉంది. బాగా అంటుకున్న చుట్ట, కమ్మటి పొగాకు. పొగ ముక్కు దాకా వస్తోంది. అందరూ నవ్వడం మానేసి ఆమె వైపే చూస్తున్నారు. ఆ క్షణాన ఒక్క దమ్ము లాగితే ఎవరూ తప్పు పట్టరు. కోపంలో ఉంది, చలిలో ఉంది, అలిసిపోయి ఉంది. లోపలినుంచి ప్రాణం లాగేస్తోంది. చెయ్యి సగం దాకా లేచింది కూడా. లేచిందని ఆమె ఆ తర్వాత ఎవరి దగ్గరా దాచలేదు.

వంగి, గట్టు అవతల నీటి బోదెలో చుట్ట ముంచింది. చుయ్యిమంది. తర్వాత వెళ్ళి కోడలి పక్కన కూలబడింది. కాళ్ళు చాపింది. తన తాటాకు గొడుగు తీసి పిల్ల నెత్తిన పెట్టింది.

తిరుపతిరావు గారు గొడుగు కిందనుంచి తొంగి చూశాడు.

"ఏం మణెమ్మా, మళ్ళీ మొదలెట్టావా?"

"లేదండీ."

"మరి కూర్చున్నావేం?"

"చుట్ట మానేశానండీ. కూకోడం మానలేదు."

ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. తిరుపతిరావు గారి మొహం ఎర్రబడింది.

"ఇదేం కొత్త రూలు? పొగ లేనివాళ్ళకి గట్టు మీద పనేంటి?"

"నడుం నొప్పండీ."

"నిన్నటిదాకా లేని నడుం నొప్పి ఇవాళెక్కడినుంచి వచ్చింది?"

"ఇరవై రెండేళ్ళ నుంచీ ఉందండీ. నడుం నొప్పంటే తమరు కూకోనివ్వరు, చుట్టంటే కూకోనిత్తారు. అందుకని అందరం చుట్ట పట్టుకున్నాం. నేను ఈ చుట్టతోటే నోరు పాడుచేసుకున్నాను. మా అత్త పోయింది. ఇప్పుడు ఈ పిల్ల మొదలెట్టింది, కడుపుతో ఉండి. ఇంక నా వల్ల కాదండీ. పన్లోకి రావద్దంటే రాం."

చివరి మాట అన్నాక గానీ మణెమ్మకి తిండి సంగతి గుర్తు రాలేదు. ఊడ్పుల్లో పని పోతే ఏడాదంతా ఏం తింటారు? ఆయన పిలవకపోతే పక్క ఆసామీ పిలుస్తాడా? పంతం పట్టిన మనిషిని ఎవరూ పిలవరు. అయినా అన్నమాట అన్నదే. వెనక్కి తీసుకోలేదు.

తిరుపతిరావు గారు మబ్బుల వైపు చూశాడు. ఇంకా నాలుగెకరాలు నాటాలి. నారు ముదురుతోంది. ఆ లెక్కలన్నీ ఆయన మొహంలో కనబడుతూనే ఉన్నాయి. కానీ అవొక్కటే కాదు, ఆ పిల్ల పెదవి మీద పొక్కు వైపు కూడా రెండుసార్లు చూశాడు. వేళ్ళ మధ్య సిగరెట్టు కాలిపోతోంది. ఇంతలో చేలోంచి సుబ్బరత్నం వచ్చింది. ఎవర్నీ అడగలేదు. పొగకి దూరంగా గట్టు చివర కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, రొప్పుతూ ఊపిరి పీల్చుకుంటోంది. ఆమె వెనక మిగిలిన ఇద్దరూ వచ్చారు. చేలో ఒక్కరూ లేరు.

"సరే సరే, కూర్చోండి" అన్నాడాయన విసుగ్గా. "కానీ దీనికో హద్దుండాలి. నేనొక సిగరెట్టు తాగినంతసేపు. నాది అయిపోతే అందరూ దిగాలి. పొగోళ్ళూ దిగాలి, పొగ లేనోళ్ళూ దిగాలి."

ఇది విన్న పొగోళ్ళకి ఒళ్ళు మండింది. ఆయన సిగరెట్టు ఎంతసేపు? అడ్డపొగ చుట్ట ఎంతసేపు? శౌరమ్మ ఆ రోజంతా మణెమ్మతో మాట్లాడలేదు. "నువ్వు మానేసి మా నోటికాడిది లాగేశావు" అని సాయంత్రం దారిలో అంది.  శౌరమ్మ కోపంలో న్యాయం ఉంది. కాకపోతే తెల్లారి మళ్ళీ అదే శౌరమ్మ తిరుపతిరావు గారితో ఎంతో మర్యాదగా, "నిదానంగా తాగండయ్యగారూ, పొగ గొంతులో అడ్డం పడుద్దేమో, తొందరేముంది?" అంటుంటే పద్నాలుగు మందీ పమిటలు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయనకీ నవ్వొచ్చింది. నిజంగానే ఆ సిగరెట్టు కాస్త నిదానంగా తాగాడు.

మణెమ్మ మాత్రం నవ్వలేకపోయింది. కూర్చోవడం దొరికింది. నడుం సుఖంగానే ఉంది. కానీ గాలి ఆయన వైపునుంచి వస్తోంది. సిగరెట్టు పొగ, దాని వెనక తొమ్మిది చుట్టల పొగ, అన్నీ కలిసి నేరుగా ఆమె మొహానికే కొడుతున్నాయి. నిన్నటిదాకా చేలో వంగి ఉంటే కోరికని నడుం నొప్పి మీదికి నెట్టేసింది. ఇప్పుడు నొప్పి లేదు, కోరిక మాత్రం ఉంది. అప్పుడర్థమైంది ఆమెకి, గట్టెక్కడం వేరు, గట్టు మీద నిలబడటం వేరని. భయమేసింది. నోట్లో నీళ్ళూరుతుంటే గుటకలు మింగింది.

"అయ్యగారూ" అంది, "కాస్త ఆ పక్కకి జరిగి కూకోండి. మా కోడలికి పొగ పడదు."

తిరుపతిరావు గారు గొణుక్కుంటూ లేచి, గొడుగు తీసుకుని, గాలివాటుకి అవతల కూర్చున్నాడు. అమలమ్మ అత్త చెవి దగ్గరికి వంగింది.

"నాకేం ఇబ్బంది లేదత్తా. పాపం పెద్దాయన్ని లేపావు."

"నీక్కాదే" అంది మణెమ్మ, నేల చూస్తూ. "నాకు."

 అమలమ్మ బురద చేత్తోనే అత్త చెయ్యి పట్టుకుంది. తిరుపతిరావు గారి సిగరెట్టు అయిపోయేదాకా వదల్లేదు.